ఓపెన్ సోర్స్ ఫ్రీయే కదా, మళ్ళీ బడ్జెట్ దేనికి అంటున్నారు. ఏం చెప్పాలి?

సర్వర్_సన్యాసి | #1

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఇక్కడ చదివి పోవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే సర్దుకోండి.

మాది ఒక మధ్యస్థం కంపెనీ, ఐటీలో ముగ్గురం. ఐదేళ్ళ కిందట అన్నీ ఓపెన్ సోర్స్‌కి, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉండే సాఫ్ట్‌వేర్‌కి మార్చాం. లినక్స్, డేటాబేస్‌కి పోస్ట్‌గ్రెస్, యాప్‌ల మధ్య మెసేజ్‌లు మోయడానికి కాఫ్కా, లాగ్‌ల కోసం ఒక సెర్చ్ ఇంజిన్, మానిటరింగ్‌కి గ్రఫానా, అన్నీ కమ్యూనిటీ ఎడిషన్లే, అంటే ఊరికే దొరికేవే. అప్పుడు మేనేజ్‌మెంట్‌ని ఒప్పించింది నేనే, స్లైడ్ మీద "లైసెన్స్ ఖర్చు: 0" అని పెద్ద అక్షరాల్లో పెట్టి మరీ.

ఇప్పుడు ఇంకో మనిషి కావాలి, డేటాబేస్‌కి సపోర్ట్ కాంట్రాక్ట్ కావాలి అని అడిగితే ఫైనాన్స్ హెడ్ ఆ స్లైడే తీసి చూపించారు. "సున్నా అన్నావు కదయ్యా, ఈ సున్నా ఇంత లావెక్కింది ఏంటి" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ నాకు నోట మాట రాలేదు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు కూడా.

మీ దగ్గర నిజంగా ఖర్చు ఎక్కడ తగిలిందో చెప్పండి. టీసీఓ (మొత్తం ఖర్చు లెక్క) అని గూగుల్ చేస్తే వచ్చే సొల్లు వద్దు, అది చదివేశా. మీకు జరిగినవి కావాలి.

---

కందిరీగ | #2

ఆ సున్నా టైప్ చేసిన రోజే అయిపోయారు మీరు 😄 ఊరికే వచ్చింది కదా అని ఏనుగుని ఇంటికి తోలుకొచ్చి, మేత లెక్క మాత్రం స్లైడ్‌లో రాయలేదు.

---

లెక్కల_పద్మ | #3

నేను అవతలి వైపు మనిషిని, అకౌంట్స్. మీ ఫైనాన్స్ హెడ్‌కి ఇది ఎందుకు కనపడట్లేదో చెప్తా.

డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్ అయితే ఏడాదికోసారి ఇన్వాయిస్ వస్తుంది, దానికో హెడ్ ఉంటుంది, పోయినేడు ఎంత ఈ ఏడు ఎంత అని పక్కపక్కన పెట్టి చూస్తాం, పెరిగితే అరుస్తాం. మీది ఇన్వాయిస్ రాదు. ఖర్చంతా మీ ముగ్గురి జీతాల్లో కలిసిపోయి ఉంటుంది. జీతం ఏం చేసినా చేయకపోయినా అంతే కదా, కాబట్టి మా దృష్టిలో మీరు శనివారం రాత్రంతా కూర్చుని చేసిన అప్‌గ్రేడ్ ఖర్చు నిజంగానే సున్నా. తప్పే, కానీ పుస్తకాల్లో అలాగే పడుతుంది.

మీకు టైమ్‌షీట్ గానీ టికెట్ సిస్టమ్ గానీ ఉందా? ఉంటే అందులో "వ్యాపారం కోసం కొత్తగా చేసిన పని", "ఉన్నదాన్ని పడిపోకుండా నిలబెట్టడానికి చేసిన పని" అని విడిగా రాస్తారా?

---

సర్వర్_సన్యాసి | #4

టికెట్లు ఉన్నాయి మేడం, విడిగా రాయడం లేదు. అన్నీ "మెయింటెనెన్స్" అనే ఒకే కుండలో.

---

సుజాత_డీబీఏ | #5

మాకు జరిగింది చెప్తా, పెద్దది, ఓపిగ్గా చదవండి.

సెంట్ఓఎస్ అనే లినక్స్‌లో 7వ వెర్షన్ సపోర్ట్ 2024 జూన్ 30తో అయిపోతుందని అందరికీ తెలుసు, మేము కూడా రాకీ 8 అనే ఇంకో లినక్స్‌కి మారదాం అనుకున్నాం, ఓఎస్ మాత్రమే మారుతోంది కదా పోస్ట్‌గ్రెస్ వెర్షన్ అదే కదా అని కొత్త మెషిన్ మీద స్ట్రీమింగ్ రెప్లికా (ఎప్పటికప్పుడు అసలుదాన్ని అనుసరించే నకలు) కట్టి, అది సింక్ అయ్యాక పాతది ఆపేసి కొత్తదాన్ని ప్రైమరీ (అసలుది) చేసేశాం. డౌన్‌టైమ్ 4 నిమిషాలు. అందరూ భుజాలు తట్టారు. నేను కూడా సంతోషంగా పడుకున్నా.

మూడో రోజు సేల్స్ వాళ్ళు ఫోన్. ఒక కస్టమర్ పేరుతో వెతికితే రావట్లేదు, అదే కస్టమర్‌ని ఐడీతో వెతికితే వస్తున్నాడు. సరే యాప్ బగ్ అనుకున్నాం, డెవలపర్లు ఒక రోజంతా అటు తిరిగారు. తర్వాత చూస్తే ఒకే ఈమెయిల్‌తో రెండేసి అకౌంట్లు. ఆ కాలమ్ మీద యూనిక్ కన్‌స్ట్రెయింట్ ఉంది, అంటే ఒకే విలువ రెండుసార్లు ఎక్కకూడదనే షరతు! ఉండగా డూప్లికేట్ ఎలా ఎక్కింది? నాకు ఒళ్ళు చల్లబడింది.

తీరా తేలిందేంటంటే, అక్షర క్రమం. పోస్ట్‌గ్రెస్ మామూలుగా ఏ మాట ముందు ఏ మాట వెనక అనేది ఓఎస్‌లోని జీలిబ్‌సీ అనే లైబ్రరీని అడుగుతుంది. జీలిబ్‌సీ 2.28లో ఆ క్రమం చాలా పెద్ద ఎత్తున మారింది. సెంట్ఓఎస్ 7లో ఉండేది 2.17, రాకీ 8లో ఉండేది 2.28.

---

బిల్డ్_ఫెయిల్ | #6

అక్కా అర్థం కాలేదు, క్రమం మారితే రిపోర్ట్‌లో వరస మారాలి గానీ డూప్లికేట్లు ఎందుకు వస్తాయి?

---

సుజాత_డీబీఏ | #7

ఇండెక్స్ అంటే వరసలో పేర్చిన జాబితా కదా తమ్ముడూ. పాత వరస ప్రకారం పేర్చిన ఫైళ్ళనే రెప్లికా ఉన్నదున్నట్టు మోసుకొచ్చింది. ఇప్పుడు కొత్త ఓఎస్ కొత్త వరస ప్రకారం "ఈ మాట ఇక్కడ ఉండాలి" అని వెళ్ళి చూస్తుంది, అక్కడ ఉండదు, వేరే చోట ఉంటుంది. "లేదు" అనుకుంటుంది. లేదు అనుకుంది కాబట్టి వెతికితే దొరకదు, కొత్తది ఎక్కిస్తే ఆపదు. ఎర్రర్ కూడా రాదు, అదీ భయం.

అప్పటికి మూడు రోజుల డేటా ఎక్కేసింది, పాత సర్వర్‌కి వెనక్కి వెళ్ళలేం. రీఇండెక్స్ చేద్దామంటే, అంటే ఇండెక్సులు మళ్ళీ కడదామంటే, డూప్లికేట్లు ఉన్నాయి కాబట్టి యూనిక్ ఇండెక్సులు కట్టుకోవు. ముందు వాటిని ఏరాలి. ఏ అకౌంట్ అసలుది, ఏ ఆర్డర్ దేని కిందకి పోవాలి అని సేల్స్ వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని చేత్తో సరిచేశాం. ఇద్దరు డీబీఏలు (డేటాబేస్ చూసుకునేవాళ్ళు), ఒక డెవలపర్, సేల్స్‌లో ఇద్దరు, 11 రోజులు.

దీంట్లో పోస్ట్‌గ్రెస్ వాళ్ళ తప్పేం లేదు. విషయం వాళ్ళ వికీలో ఎప్పటి నుంచో రాసి ఉంది, డంప్ తీసి రీస్టోర్ చేసుంటే, లేదా యాప్ ఆన్ చేయకముందే రీఇండెక్స్ చేసుంటే, ఏమీ అయ్యేది కాదు. అది చదవాలని మాకు తెలియకపోవడమే ఖర్చు. తెలిసిన మనిషి ఒకరు ఫోన్‌లో అందుబాటులో ఉంటే "ముందు రీఇండెక్స్ చెయ్యండమ్మా" అని ఒక్క ముక్క చెప్పేవాడు. సపోర్ట్ కాంట్రాక్ట్‌కి కట్టేది ఆ ఒక్క ముక్క కోసమే.

---

బిల్డ్_ఫెయిల్ | #8

మేము వచ్చే నెల సరిగ్గా ఇదే చేయబోతున్నాం 😳 ఇప్పుడే మా టీమ్ లీడ్‌కి లింక్ పంపా.

---

సుజాత_డీబీఏ | #9

అయితే మారాక యాప్ తెరవకముందు టెక్స్ట్ కాలమ్‌ల మీద ఉన్న ఇండెక్సులన్నీ రీఇండెక్స్ చేయండి, యామ్‌చెక్ అని ఎక్స్‌టెన్షన్ ఉంది దాంతో ఒకసారి సరిచూసుకోండి. ఐసీయూ అనే లైబ్రరీ కొలేషన్ (అక్షర క్రమం పద్ధతి) వాడినా ఇంతే సంగతి, ఆ లైబ్రరీ వెర్షన్ మారినా ఇదే పాట. సీ కొలేషన్ అయితే భయం లేదు.

---

పాతకాపు | #10

సెంట్ఓఎస్ మాటొచ్చింది కాబట్టి. 2020 డిసెంబర్ 8న ప్రకటన వచ్చింది, 2029 దాకా వస్తుందనుకున్న సెంట్ఓఎస్ 8 సపోర్ట్ 2021 డిసెంబర్ 31తోనే ఆపేస్తున్నాం అని. నేను అప్పటికి 60 సర్వర్లు 7 నుంచి 8కి మార్చి చేతులు కడుక్కుని నెల కూడా కాలేదు.

ఇదొక్కటే కాదు, ఇదొక వరస అయిపోయింది. మాంగోడీబీ అనే డేటాబేస్ 2018లో లైసెన్స్ మార్చింది. ఎలాస్టిక్‌సెర్చ్ అనే సెర్చ్ ఇంజిన్ 2021లో మార్చింది, దాన్నుంచి ఓపెన్‌సెర్చ్ పుట్టింది. సర్వర్లు అమర్చే సాధనం టెరాఫార్మ్ 2023 ఆగస్టులో, దాన్నుంచి ఓపెన్‌టోఫు. మెమరీలో డేటా ఉంచే రెడిస్ 2024 మార్చిలో, దాన్నుంచి వాల్కీ. మళ్ళీ ఎలాస్టిక్ 2024లో ఏజీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ కూడా ఇచ్చింది, రెడిస్ కూడా 8వ వెర్షన్‌తో 2025లో అదే దారి పట్టింది.

జనం ఏమనుకుంటారంటే ఫోర్క్ (పాత కోడ్ నుంచి విడిపోయిన కొత్త ప్రాజెక్ట్) ఉంది కదా, మారిపోవచ్చు కదా అని. మారొచ్చు. కానీ ప్రతిసారీ ఎవరో ఒకరు కూర్చోవాలి, కొత్త లైసెన్స్ మనకి వర్తిస్తుందా లేదా చదవాలి, వకీలుని అడగాలి, పాత వెర్షన్‌లో ఎన్నాళ్ళు ఉండొచ్చో చూడాలి, ఫోర్క్ బతుకుతుందా చస్తుందా అంచనా వేయాలి, టెస్ట్ చేయాలి. చివరికి "మనకేం కాదు, ఉన్నదాన్లోనే ఉందాం" అని తేలినా రెండు వారాలు పోతాయి. ఏమీ మారకుండా రెండు వారాలు పోయాయి అంటే ఏ మేనేజర్ నమ్ముతాడు చెప్పండి.

---

స్వేచ్ఛాజీవి | #11

ఈ థ్రెడ్ టైటిల్ చూసినప్పటి నుంచి ఒళ్ళు మండుతోంది, క్షమించాలి.

డబ్బు పెట్టి కొన్నవాటికి దాగిన ఖర్చు లేదా? వెండర్ వచ్చి లైసెన్స్ ఆడిట్ అంటాడు, మీ వర్చువల్ మెషిన్‌కి ఇన్ని కోర్లు కనిపిస్తున్నాయి కాబట్టి అన్నిటికీ కట్టమంటాడు. రెన్యూవల్‌లో రేటు పెంచుతాడు. ప్రొడక్ట్ ఆపేస్తాడు. పాతకాపు గారూ, మీరు చెప్పిన సెంట్ఓఎస్ కథే తీసుకోండి, దాని చోట 2021 మార్చిలో ఆల్మా వచ్చింది, జూన్‌లో రాకీ వచ్చింది. క్లోజ్డ్ సోర్స్ అయ్యుంటే ఏం వచ్చేది? సేల్స్ వాడి ఫోన్ వచ్చేది.

హార్వర్డ్ వాళ్ళు 2024లో ఒక పేపర్ వేశారు, ఓపెన్ సోర్స్ అనేదే లేకపోతే కంపెనీలు సాఫ్ట్‌వేర్ మీద ఇప్పుడు పెట్టేదానికి 3.5 రెట్లు పెట్టాల్సి వచ్చేదని వాళ్ళ అంచనా. దాని గురించి మాట్లాడరు ఎవ్వరూ. 11 రోజుల పని గురించి మాత్రం పేజీలకి పేజీలు.

---

సుజాత_డీబీఏ | #12

స్వేచ్ఛాజీవి గారూ, నేను పోస్ట్‌గ్రెస్ మానేయమనలేదు, ఈ రోజుకీ దాని మీదే ఉన్నాం, రేపూ ఉంటాం. 11 రోజులని సున్నా అని రాయొద్దు అంటున్నా, అంతే.

---

స్వేచ్ఛాజీవి | #13

అది ఒప్పుకుంటా. కానీ అప్పుడు రెండు వైపులా ఒకే కొలత పెట్టాలి. మీ ఫైనాన్స్ హెడ్‌కి చూపించేటప్పుడు ఓపెన్ సోర్స్ ఖర్చు ఒక్కటే విప్పి చూపించి, పక్కన కొనే సాఫ్ట్‌వేర్‌కి కొటేషన్ మీదున్న అంకె మాత్రం పెడితే అది మోసం. కొన్నదాన్ని కూడా ఎవడో ఒకడు ఇన్‌స్టాల్ చేయాలి, అప్‌గ్రేడ్ చేయాలి, సపోర్ట్ టికెట్ వేసి వారం ఎదురుచూడాలి.

---

కందిరీగ | #14

వారం ఎదురుచూశాక "లేటెస్ట్ వెర్షన్‌కి అప్‌గ్రేడ్ అయ్యి చూడండి" అని రిప్లై, టికెట్ క్లోజ్డ్ 😂

---

అర్ధరాత్రి_అలర్ట్ | #15

2021 డిసెంబర్‌లో లాగ్4జే (జావా యాప్‌లలో లాగ్‌లు రాసే లైబ్రరీ) లోపం గుర్తుందా ఎవరికైనా? నాకు ఇప్పటికీ డిసెంబర్ వస్తే ఫోన్ సైలెంట్‌లో పెట్టడానికి చెయ్యి రాదు.

10వ తేదీకల్లా ప్రపంచమంతా గోల, 2.15కి వెళ్ళమన్నారు, వెళ్ళాం. దాంట్లో లోపం ఉంది 2.16కి వెళ్ళమన్నారు. వెళ్ళాం. తర్వాత 2.17. తర్వాత నెలాఖరులో 2.17.1. మూడు వారాలు తిరక్కుండా ఒకే జార్ ఫైల్‌ని (జావా కోడ్ మూట) నాలుగుసార్లు మార్చాం.

కానీ ప్యాచ్ వేయడం అసలు పనే కాదండీ, అది ఎక్కడెక్కడ ఉందో వెతకడం అసలు పని. మా కోడ్‌లో ఉన్నది ఒక పూటలో దొరికింది. మేం పిలిచిన లైబ్రరీ పిలిచిన ఇంకో లైబ్రరీలో ఉన్నది, పెద్ద జార్‌లో చిన్న జార్‌గా ఇరికించి ఉన్నది, ఎప్పుడో మానేసిన కాంట్రాక్టర్ రాసిపెట్టి వెళ్ళిన రిపోర్ట్ జాబ్‌లో ఉన్నది, వీటికి పట్టింది మిగతా కాలమంతా. మేం ఏం వాడుతున్నామో మాకే జాబితా లేదు. ఇంకో తమాషా, కొన్నేళ్ళుగా ఎవరూ తాకని ఒక యాప్ ఉంది, అది లాగ్4జే 1 మీదే ఉండటంతో ఈ లోపం దానికి అంటలేదు. "చూశారా, అప్‌గ్రేడ్ చేయకపోతేనే మంచిది" అన్నాడు ఒకాయన మీటింగ్‌లో. 2015లోనే సపోర్ట్ పోయిన వెర్షన్ అది, దానికి వేరే లోపాలు ఉన్నాయని చెప్పడానికి ఇంకో అరగంట.

స్వేచ్ఛాజీవి గారి మాట కూడా నిజమే, ఎందుకంటే మేం డబ్బు పెట్టి కొన్న ప్రొడక్టుల్లో కూడా అదే లాగ్4జే ఉంది. తేడా ఒక్కటే, వాటికి వెండర్ మెయిల్ వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి.

---

చిన్న_లైబ్రరీ | #16

కొంచెం అవతలి గట్టు నుంచి.

నేను ఒక చిన్న లైబ్రరీ మెయింటెయిన్ చేస్తా, ఉద్యోగం అయ్యాక రాత్రిళ్ళు. పేరు చెప్పను. పెద్ద పెద్ద కంపెనీల బిల్డుల్లో ఉందని ఇష్యూలు వేసేవాళ్ళ ఈమెయిల్ చిరునామాలు చూసి తెలుసుకున్నా. ఇప్పటిదాకా వచ్చిన విరాళాలు చెప్తే నవ్వుతారు. కానీ "మీ సెక్యూరిటీ విధానం ఏంటి, ఈ ఎక్సెల్ నింపి శుక్రవారంలోగా పంపగలరు" అని మెయిల్ మాత్రం వస్తుంది. ఎవరికి? నాకు! వెండర్ రిజిస్ట్రేషన్ ఫారం అట.

ఇది నా ఒక్కడి బాధ కాదు. నెట్ నుంచి డేటా తెచ్చే కర్ల్ అనే సాధనం రాసిన డానియెల్ స్టెన్‌బర్గ్‌కి లాగ్4జే తర్వాత 2022 జనవరిలో ఒక పెద్ద కంపెనీ 24 గంటల్లో జవాబులు కావాలని ప్రశ్నల చిట్టా పంపింది, ఆయన దాన్ని బయటపెట్టి, సపోర్ట్ కాంట్రాక్ట్ ఉంటే సంతోషంగా చెప్తా అన్నాడు. 2014లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడ్డప్పుడు, అది ఉన్న ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్ఎస్ఎస్ఎల్ మీద పూర్తికాలం పనిచేసేది ఒకే ఒక్కడు అని తెలిసి లోకం ముక్కున వేలేసుకుంది.

ఫైళ్ళు కుదించే ఎక్స్‌జెడ్ సంగతి ఇంకా దారుణం. అలసిపోయిన ఒక మెయింటెయినర్‌కి సాయం చేస్తానని ఒకడు చేరి, రెండేళ్ళు నమ్మకంగా పనిచేసి, 5.6.0లో దొడ్డిదారి పెట్టాడు. 2024 మార్చి చివర్లో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఆయన ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్ళే దారి) లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందేంటి అని తవ్వాడు కాబట్టి దొరికింది. అర సెకను! నేనైతే నెట్‌వర్క్ అనుకుని వదిలేసేవాణ్ణి.

సన్యాసి గారూ, మీ ఖర్చుల పట్టీలో ఇది కూడా రాయండి. మీరు ఆధారపడ్డ మనిషి రేపు మానేస్తే ఏంటి అనేది.

---

నిబంధన | #17

కంప్లయన్స్‌లో పనిచేస్తా. ఇంతమంది ఇంత రాసినా లైసెన్స్ షరతుల సంగతి ఎవరూ ఎత్తలేదు, ఆశ్చర్యం. పాతకాపు గారు చెప్పింది లైసెన్స్ మారితే ఏమవుతుందని. మారకపోయినా ఉంటుంది తంటా.

మా పాత కంపెనీలో ఒక డెవలపర్ ఇన్వాయిస్‌లు పీడీఎఫ్‌గా తీయడానికి ఒక లైబ్రరీ దించుకున్నాడు. బ్రహ్మాండంగా పనిచేసింది, నాలుగేళ్ళు. ఒక పెద్ద క్లయింట్ కాంట్రాక్ట్ ముందు మా కోడ్ స్కాన్ చేయమన్నారు. చేస్తే ఆ లైబ్రరీ ఏజీపీఎల్. నెట్‌వర్క్ మీద వాడేవాళ్ళకి కూడా సోర్స్ ఇవ్వాలనే షరతు దాని ప్రత్యేకత. మాకు మూడు దారులు మిగిలాయి: మా కోడ్ తెరవడం, వాళ్ళ దగ్గర కమర్షియల్ లైసెన్స్ కొనడం, లేదా తీసేసి వేరేదానితో మళ్ళీ రాయడం. కాంట్రాక్ట్ సంతకానికి గడువు మూడు వారాలు. గడువు మన నెత్తి మీద ఉన్నప్పుడు బేరం ఎవరి చేతిలో ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. కొన్నాం. మొదటి రోజే చూసుకుని ఉంటే ఏ గొడవా లేని ఇంకో లైబ్రరీ పెట్టుకునేవాళ్ళం, పని అదే.

ఆ డెవలపర్‌ని తప్పుపట్టలేం, లైసెన్స్ ఫైల్ చదవమని ఆయనకి ఎవరూ చెప్పలేదు. మెడకి చుట్టుకునేవి ఎప్పుడూ పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్లు కావు, ఇలా ఒక్క కమాండ్‌తో దిగేవే.

ఇంకోటి, యూరప్‌కి అమ్మే ఉత్పత్తిలో సాఫ్ట్‌వేర్ ఉంటే సైబర్ రెసిలియెన్స్ యాక్ట్ చూసుకోండి. 2024 డిసెంబర్‌లో అమల్లోకి వచ్చింది, దాడుల్లో వాడుతున్న లోపాలు తెలియజేసే బాధ్యత 2026 సెప్టెంబర్ 11 నుంచి, మిగతా ముఖ్యమైనవన్నీ 2027 డిసెంబర్ 11 నుంచి. మీ ఉత్పత్తిలో ఏ ఏ భాగాలు ఉన్నాయో ఎస్‌బామ్, అంటే జాబితా, మీరే ఉంచుకోవాలి. ఊరికే దించుకున్న లైబ్రరీకి కూడా బాధ్యత అమ్మేవాడిదే.

---

కందిరీగ | #18

లైసెన్స్ ఫైల్ చదివే డెవలపర్‌ని నేను ఇంతవరకు చూడలేదు. రాసేవాళ్ళు కూడా పక్క ప్రాజెక్ట్ నుంచి కాపీ కొడతారు.

---

మూడో_షిఫ్ట్ | #19

అన్నిటికన్నా ఖరీదైనది ఎవరూ చెప్పలేదు. సోర్స్ మన చేతిలో ఉంది కదా అని మార్చుకోవడం.

మేం ఒక ఓపెన్ సోర్స్ ఈఆర్పీ (కంపెనీ పనులన్నీ నడిపే సాఫ్ట్‌వేర్) తీసుకున్నాం. అప్రూవల్ పద్ధతి మాకు నచ్చినట్టు లేదు. వాణిజ్య సాఫ్ట్‌వేర్ అయితే "ఇంతే, సర్దుకోండి" అనేవాడు, మేం సర్దుకునేవాళ్ళం. ఇక్కడ మా దగ్గర ఒక తెలివైన కుర్రాడు ఉన్నాడు, రెండు రోజుల్లో కోర్‌లోనే (అసలు కోడ్‌లోనే) మార్చేసి ఇచ్చాడు, అందరూ శభాష్ అన్నారు. ఆ రుచి మరిగారు. ఈ డిపార్ట్‌మెంట్ వాళ్ళు ఇంకోటి అడిగారు, ఆ డిపార్ట్‌మెంట్ వాళ్ళు ఇంకోటి. ఒక్కటి కూడా అప్‌స్ట్రీమ్‌కి, అంటే అసలు ప్రాజెక్ట్ వాళ్ళకి పంపలేదు, పంపడానికి టైమ్ లేదు అన్నాం, నిజానికి పంపితే వాళ్ళు తిప్పి కొడతారని సిగ్గు కూడా.

మూడేళ్ళు గడిచాయి. అసలు ప్రాజెక్ట్ రెండు పెద్ద వెర్షన్లు ముందుకెళ్ళింది. మేం అక్కడే. సెక్యూరిటీ ప్యాచ్ వస్తే ఉన్నదున్నట్టు దిగదు, మా మార్పులకి తగ్గట్టు చేత్తో కుట్టాలి. ఆ కుట్టేది ఆ కుర్రాడే, వేరేవాడికి ఆ కోడ్ తెలీదు. ఆ కుర్రాడికి మంచి ఆఫర్ వచ్చింది. నోటీస్ పీరియడ్‌లో హ్యాండోవర్ డాక్యుమెంట్ రాయమంటే నిజాయితీగా 40 పేజీలు రాశాడు పాపం, చివరి పేజీలో "దీన్ని కదపకండి, కొత్తగా పెట్టుకోవడం మేలు" అని ఉంది.

కొత్తగానే పెట్టుకున్నాం. ఈసారి కోర్ ఎవరూ తాకకూడదని రూలు పెట్టి, అప్రూవల్ పద్ధతినే సాఫ్ట్‌వేర్‌కి తగ్గట్టు మార్చుకున్నాం. మొదటిసారే చేయాల్సిన పని. ఎనిమిది నెలలు పట్టింది. ఇది ఓపెన్ సోర్స్ తప్పా అంటే కాదు, కానీ తలుపు తెరిచి ఉండటం వల్లే లోపలికెళ్ళాం అనేది కూడా నిజం.

---

పాతకాపు | #20

@మూడో_షిఫ్ట్ 40 పేజీలు రాశాడంటే అదృష్టవంతులు. మా వాడు "అన్నీ కోడ్‌లోనే ఉన్నాయి" అని ఒక్క లైన్ రాసి వెళ్ళాడు.

---

మోడరేటర్ | #21

విండోస్ గొప్పా లినక్స్ గొప్పా అని మొదలైన 14 పోస్టులు వేరే థ్రెడ్‌కి తరలించా. అక్కడ కొట్టుకోండి, ఇక్కడ ప్రశ్న అది కాదు.

---

సర్వర్_సన్యాసి | #22

అందరికీ చాలా థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. సుజాత గారి పోస్ట్ చదివి నిన్న రాత్రి మా జీలిబ్‌సీ వెర్షన్ చూసుకుని పడుకున్నా, నిద్ర పట్టలేదనుకోండి అది వేరే సంగతి.

ఒక డౌట్. క్లౌడ్ వాళ్ళ మేనేజ్డ్ సర్వీస్ తీసుకుంటే ఈ గొడవలన్నీ పోతాయి కదా అని మా మేనేజర్ అంటున్నారు. నిజమేనా?

---

అర్ధరాత్రి_అలర్ట్ | #23

కొన్ని పోతాయి. బ్యాకప్, ప్యాచ్, డిస్క్ నిండిపోవడం, ఇలాంటివి నిజంగానే వాళ్ళు చూసుకుంటారు, రాత్రిళ్ళు నిద్రపోవచ్చు. కానీ మెల్లగా స్లో అయిన క్వెరీ మీదే, కనెక్షన్లు అయిపోతే తప్పు మీదే. వెర్షన్ గడువు కూడా పోదు. పోస్ట్‌గ్రెస్ ఒక్కో మేజర్ వెర్షన్‌కి ఐదేళ్ళే సపోర్ట్, ఆ తర్వాత క్లౌడ్ వాళ్ళు పాత వెర్షన్‌లో ఉన్నందుకు అదనంగా వడ్డిస్తారు. కంటెయినర్లు నడిపే కుబెర్నెటిస్ అయితే ఒక్కో వెర్షన్‌కి దాదాపు 14 నెలలే, ఏడాదికి మూడు వస్తాయి, మేనేజ్డ్ అయినా సరే పాత ఏపీఐలు తీసేస్తే మీ ఫైళ్ళు మీరే దిద్దుకోవాలి.

ఒక లాభం ఉంది, పద్మ గారు చెప్పినట్టు ఇన్వాయిస్ వస్తుంది 😀

---

లెక్కల_పద్మ | #24

అదే చెప్పబోతున్నా. ఇన్వాయిస్ వస్తే మేం చూస్తాం, అదే తేడా.

సన్యాసి గారూ, ఇక్కడ వచ్చిన కథలన్నీ తీసుకెళ్ళి ఆయన ముందు పోయకండి. ఇలాంటి భయపెట్టే కథలు మేం వారానికి పది వింటాం, ప్రతి డిపార్ట్‌మెంట్ దగ్గరా ఉంటాయి. మీ టికెట్లకి ఒక నెల రోజులు ట్యాగులు పెట్టండి. ఏ సాఫ్ట్‌వేర్, ఎన్ని గంటలు, కొత్త పనా నిలబెట్టే పనా. ఇంతకన్నా వివరంగా పెడితే మీవాళ్ళు రెండో వారమే మానేస్తారు. రూపాయల్లోకి మీరు మార్చకండి, గంటలు ఇవ్వండి, గంట ఖరీదు మాకు మీకన్నా బాగా తెలుసు.

ఆ తర్వాత ఒక్కోదానికి ఎదురుగా రెండే ప్రశ్నలు. ఇది తెలిసినవాళ్ళు మనలో ఎంతమంది? ఇది ఒక రోజు ఆగితే ఎవరి పని ఆగుతుంది? తెలిసినవాడు ఒక్కడే అయ్యి, ఆగితే అందరి పనీ ఆగేది ఏదో, దానికి డబ్బు అడగండి. అన్నిటికీ అడిగితే ఏదీ రాదు.

---

స్వేచ్ఛాజీవి | #25

ఇదొక్కటి ఒప్పుకుంటున్నా. ఆ గంటల్లో ఒక పది శాతం మీరు వాడే ప్రాజెక్టులకి తిరిగివ్వడానికి కూడా రాయండి, బగ్ రిపోర్టో, డాక్యుమెంటో, విరాళమో. చిన్న_లైబ్రరీ గారి లాంటివాళ్ళు మానేస్తే ఏ కాంట్రాక్టూ కాపాడదు.

---

సర్వర్_సన్యాసి | #26

ఐదు వారాల తర్వాత వస్తున్నా, చెప్పకుండా పోతే పాపం కదా.

నెల రోజులు ట్యాగులు పెట్టాం. ముగ్గురి గంటల్లో సగానికి పైగా "నిలబెట్టే పని". అది ఊహించిందే. ఊహించనిది ఏంటంటే, అందులో ఎక్కువ తిన్నది పోస్ట్‌గ్రెస్ కాదు, కాఫ్కా! 4.0 నుంచి దాని పక్కన నడిచే జూకీపర్‌ని పూర్తిగా తీసేశారు కదా, ముందు దాని బదులు వచ్చిన క్రాఫ్ట్‌కి మారితే గానీ పైకి వెళ్ళలేం, ఆ మారడం కోసం ఆరు నెలలుగా అటూ ఇటూ తిరుగుతున్నాం. అప్పుడు మా జూనియర్ అడిగాడు, అసలు ఇది ఎవరు వాడుతున్నారు అని. చూస్తే రోజంతా కలిపి కొన్ని వేల మెసేజ్‌లు, మూడు యాప్‌లు. పోస్ట్‌గ్రెస్‌లో ఒక టేబుల్ చాలు. ఐదేళ్ళ కిందట ఫ్రీ కదా అని నేనే పెట్టా, డబ్బు పెట్టాల్సి వస్తే కచ్చితంగా అవసరమా అని ఆలోచించేవాణ్ణి.

కాబట్టి కాఫ్కా తీసేస్తున్నాం. ఫైనాన్స్ హెడ్ ఆ కాగితం చూసి చాలాసేపు మాట్లాడలేదు. మనిషిని ఇవ్వలేదు, కాఫ్కా పోతే మీకు టైమ్ మిగులుతుంది కదా అన్నారు. పోస్ట్‌గ్రెస్ సపోర్ట్ కాంట్రాక్ట్‌కి మాత్రం ఒప్పుకున్నారు, ఒక ఏడాదికి, తర్వాత చూద్దాం అని. విరాళం సంగతి ఎత్తితే "దానికి బిల్లు ఇస్తారా" అని అడిగారు, దాని మీద ఇంకా నడుస్తోంది.

---

లెక్కల_పద్మ | #27

బిల్లు ఇచ్చే ఫౌండేషన్ ఉన్న ప్రాజెక్ట్‌తో మొదలుపెట్టండి, స్పాన్సర్‌షిప్ అని రాయండి, విరాళం అని రాయకండి. మాటలోనే ఉంది అంతా.

---

కందిరీగ | #28

అన్నీ సరే, ఆ సున్నా స్లైడ్ ఏమైంది?

---

సర్వర్_సన్యాసి | #29

ఆయన దగ్గరే ఉంది. నేను లిబ్రెఆఫీస్‌లో చేశా, ఆయన పవర్‌పాయింట్‌లో తెరుస్తారు, ఫాంట్లన్నీ చెదిరిపోయి అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. సున్నా ఒక్కటే చక్కగా కనపడుతోంది.